గరాజ్‌లో వరద సాయం

జూన్ 13, శుక్రవారం

ఈ రోజు మా గరాజ్ నేల కనిపించింది. పోయిన అక్టోబర్ తర్వాత మళ్ళీ ఇదే చూడటం. మూలన నూనె మరక ఒకటి ఉండేదని కూడా మర్చిపోయాను.

చలికాలం అంతా నా కారు బయటే పడి ఉంది. పొద్దున్నే గ్లోవ్స్ వేసుకుని అద్దం మీద మంచు గీక్కుని ఆఫీస్‌కి వెళ్ళాను. నా కారు ఉండాల్సిన చోట హాయిగా, వెచ్చగా, హెలీన్ తుఫాను బాధితుల సామాను నిద్రపోయింది. ఆ బాధితులు మాత్రం ఎక్కడో నార్త్ కరోలినాలో ఉన్నారు.

జరిగింది ఇది. సెప్టెంబర్ చివర్లో అక్కడ వరదలు వచ్చాయి. యాష్‌విల్ ఊళ్ళో ఏటి పక్కన ఉన్నదంతా మునిగింది. వర్జీనియాలో మా ఆష్‌బర్న్ తెలుగు సంఘం ప్రెసిడెంట్ కోటయ్య గారు వారం తిరక్కుండా డొనేషన్ డ్రైవ్ పెట్టారు. మా ఆయన జగదీష్‌ని కోఆర్డినేటర్ చేశారు. ఇతన్ని మునగచెట్టు ఎక్కించడానికి నిచ్చెన కూడా అక్కర్లేదు, నీవల్లే అవుతుంది బ్రదర్ అంటే చాలు. పిల్లలు వాలంటీర్లు. కాలేజీ అప్లికేషన్‌లో చూపించడానికి వాళ్ళకి సర్వీస్ అవర్స్ కావాలి. ఇక్కడ పుణ్యం కూడా గంటల లెక్కనే. మా అమ్మాయి హంసిక కూడా వెళ్ళింది. అట్టపెట్టెలకి టేపు వేసింది, లేబుళ్ళు రాసింది. ట్రక్కు ఎవరో మాట్లాడతామన్నారు. ఎవరూ మాట్లాడలేదు. రెండు రోజుల కోసం అని మా గరాజ్‌లో దించారు.

తర్వాత దీపావళి ఫంక్షన్ వచ్చింది. క్రికెట్ టోర్నమెంట్ వచ్చింది. ఉగాది వచ్చింది. ఉగాది స్టేజ్ మీద పిల్లలందరికీ హెలీన్ రిలీఫ్ సర్టిఫికేట్లు ఇచ్చి మెడల్స్ వేశారు. అందరం చప్పట్లు కొట్టాం. నేను వీడియో తీశాను. సామాను మా గరాజ్‌లోనే ఉంది.

ఇది ఎవరికీ పట్టలేదు, హంసికకి తప్ప. ఈ ఏడు కాలేజీ ఎస్సే రాయాలి. హెలీన్ గురించి రాయమని జగదీష్ అన్నాడు. అది హ్యాపెన్ అవ్వలేదు కదా నాన్నా, నేను ఎలా రాస్తాను అని అది అడిగింది. స్కూల్ తెరిచేలోపు ఆ బాక్సులు యాష్‌విల్ వెళ్ళకపోతే ఆగస్టు పిక్నిక్‌లో సర్టిఫికేట్ కోటయ్య అంకుల్‌కి మైక్‌లో చెప్పి తిరిగి ఇచ్చేస్తానంది. జగదీష్ నవ్వేశాడు. అది నవ్వలేదు. అప్పటినుంచి తండ్రితో మాటల్లేవు. ఉప్పు అందుకోవాలన్నా నా వైపు తిరిగి అడుగుతోంది.

జగదీష్‌కి తట్టిన ఉపాయం ఆర్వీ, మంచం, బాత్రూం అన్నీ ఉండే ఇల్లులాంటి బండి. అద్దెకి తీసుకుందాం, వెకేషన్‌కి వెకేషన్, డెలివరీకి డెలివరీ, స్వామికార్యం స్వకార్యం అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు స్మోకీ మౌంటెన్స్ చూపిస్తానని నాకు మాటిచ్చాడు. నేనూ నమ్మాను.

సాయంత్రం అంతా సామాను ఎక్కించాం. చలికోట్లు, దుప్పట్లు, డైపర్లు, వాటర్ కేసులు. ఒక పెట్టెలో కంచిపట్టు బ్లౌజ్ ముక్కలు. ఇంకో దాంట్లో గాస్కెట్ లేని ప్రెషర్ కుక్కర్. వరదలో ఇల్లు పోయినావిడ కుక్కర్‌కి విజిల్ రాక మనకి ఫోన్ చేస్తుంది కాబోలు.

అన్నిటికన్నా చివర బ్యానర్ ఎక్కింది. చాపలా చుట్టిన ఫ్లెక్సీ. విప్పితే మా గరాజ్ తలుపంత. మధ్యలో కోటయ్య గారి మొహం, నిండు పున్నమి. చుట్టూ గుండ్రాల్లో కమిటీ పదకొండు మంది. కింది వరుసలో రెండో గుండ్రం జగదీష్. మూలన స్టాంపు సైజులో వరద. దీని ముందు సామాను అందజేస్తున్న ఫోటో గురువారం లోపు రావాలని కోటయ్య గారు ఆర్డర్ వేశారు. శుక్రవారం కొత్త కమిటీ లిస్టు. జగదీష్‌కి జాయింట్ సెక్రటరీ ఇస్తామన్నారట. బ్యానర్ కూడా జాగ్రత్తగా వెనక్కి తేవాలట, పిక్నిక్‌కి కావాలట.

జూన్ 14, శనివారం

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, అద్దానికి పసుపు రాసి, బయల్దేరాం. అద్దె బండికి పూజేంటని నేను అడగలేదు. అడిగి గెలిచిన చరిత్ర లేదు.

లోపల మనుషులకి చోటు లేదు. మంచం మీద డైపర్లు. భోజనం బల్ల మీద దుప్పట్లు. బాత్రూంలో వాటర్ కేసులు, కాబట్టి బాత్రూం ఉన్న బండి అద్దెకి తీసుకుని దారి పొడుగునా గ్యాస్ స్టేషన్‌లలో ఆగుతున్నాం. మలుపు తిరిగినప్పుడల్లా కుక్కర్ ఎక్కడో దొర్లుతోంది. ఏ పెట్టెలో ఉందో దొరకలేదు.

జగదీష్ యాభై మైళ్ళ స్పీడ్ దాటడు. ఐ-81 హైవే మీద ట్రక్కులన్నీ హారన్ కొట్టి పోతున్నాయి. ఏం గాదు, వాళ్ళకి తొందర, మనకు లేదు అంటాడు. వరంగల్ మనిషి నిదానం మీద నాకు గౌరవమే, కానీ ఎనిమిది నెలలు ఆలస్యమైన డెలివరీకి తొందర లేదు అనే మాట ఎలా వస్తుంది నోట్లోంచి? వెనక నుంచి హంసిక హెడ్‌ఫోన్స్ తీసి మళ్ళీ పెట్టుకుంది. అది విన్నది.

జూన్ 15, ఆదివారం

ఈ రోజు ఫాదర్స్ డే. ముగ్గురికీ తెలుసు. ఎవరూ ఎత్తలేదు.

జూన్ 15, సాయంత్రం

చేరాం. టెన్నెసీ దాటే చోట వరదకి కొట్టుకుపోయిన బ్రిడ్జి ఇంకా కడుతున్నారు. లేన్లు తగ్గించారు. మా వెనక అరమైలు కార్లు.

క్యాంప్‌గ్రౌండ్ జగదీష్ ఫోటోలు చూసి బుక్ చేశాడు. ఫోటోల్లో ఏటి ఒడ్డున పెద్ద పెద్ద చెట్లు, నీడలో ఊయలలు. ఆ ఫోటోలు వరద ముందువి. ఇప్పుడు చెట్ల వరస లేదు. ఒడ్డు లేదు. ఉన్నదల్లా కంకర, ఎర్రమట్టి, పైన గట్టు మీద మిగిలిన ఒకే ఒక్క వరస, బండ్లు నిలుపుకునే సైట్లు. ఆవలి ఒడ్డున నిలబడ్డ చెట్ల కొమ్మలకి ఇంకా ప్లాస్టిక్ కవర్లు వేలాడుతున్నాయి. నేను తల పూర్తిగా పైకెత్తి చూడాల్సినంత ఎత్తులో. నీళ్ళు అంత ఎత్తుకి వచ్చాయన్నమాట.

ఓనర్ పేరు లొరెట్టా. అరవై దాటి ఉంటాయి, రబ్బరు బూట్లు. బ్రోషర్ మార్చడానికి మనసొప్పలేదు అని తనే చెప్పింది. కొత్తగా నాటిన మొక్కలు చూపించి, ఇవి చెట్లు అయ్యేసరికి నేనుండను, మీ అమ్మాయి వచ్చి ఊయల ఊగుతుందిలే అంది. నాకు కోపం తెచ్చుకునే అవకాశం కూడా ఇవ్వలేదు.

పక్క సైట్‌లో ఒక పాత క్యాంపర్ బండి. ఎవరో సుత్తితో కొడుతూనే ఉన్నారు.

జూన్ 16, సోమవారం

మొదట ఒక చర్చికి వెళ్ళాం. గేటు మీదే బోర్డు: బట్టలు వద్దు, ప్లీజ్. ఆ ప్లీజ్ కింద రెండు గీతలు. జగదీష్ ఇది మామూలు బట్టలకి, మనవి చలికోట్లు కదా అని లోపలికి వెళ్ళాడు. లోపలున్నావిడ మర్యాదగా వెనక షెడ్డు తలుపు తీసి చూపించిందట. నేల నుంచి కప్పు దాకా చలికోట్లు. అమెరికా నలుమూలల నుంచీ వచ్చాయట. వాటిని సర్దడానికే వాలంటీర్లు చాలడం లేదట. డైపర్లు మాత్రం తీసుకుంది. ఒక మంచం ఖాళీ అయింది.

రెండోది ఫుడ్ బ్యాంక్. వాటర్ కేసులు చూసి అక్కడి కుర్రాడికి ఒక్క క్షణం మొహం మారిపోయింది. అక్టోబర్‌లో ఊళ్ళో కుళాయిల్లో నీళ్ళు రాక, తాగడానికి లేక, టాయిలెట్‌లో పోయడానికి వాగులోంచి బకెట్లతో మోసుకున్నారట. అప్పుడు ఇవి బంగారం అన్నాడు. ఇప్పుడు కుళాయి తిప్పితే వస్తున్నాయి. పైగా మా కేసుల మీద డేట్ దాటిపోయింది. అతను మమ్మల్ని ఏమీ అనలేదు. థాంక్స్ ఫర్ థింకింగ్ ఆఫ్ అస్ అన్నాడు. హంసిక ఆ మాట విని బండెక్కి తలుపు వేసుకుంది.

మూడో చోట జంతువుల షెల్టర్. కుక్కలకి వేయడానికి దుప్పట్లు కొన్ని తీసుకున్నారు. ఇది లెక్కలోకి వస్తుందా అని జగదీష్ నన్ను అడిగాడు. కుక్కల దగ్గర బ్యానర్ కట్టి ఫోటో తీయమంటావా అన్నాను. తర్వాత అన్నం తినేదాకా నాతో కూడా మాటల్లేవు. హంసిక ఎలాగూ హెడ్‌ఫోన్స్‌లోనే ఉంది; బండిలో ఉన్నది ముగ్గురం, మాట్లాడుకునే జంట ఒక్కటీ లేదు.

డౌన్‌టౌన్‌లో కాఫీ తాగాం. షాపులు తెరిచే ఉన్నాయి, కిటికీల్లో వుయ్ ఆర్ ఓపెన్ అని చేత్తో రాసిన కాగితాలు. కాఫీ ఇచ్చే అమ్మాయి మా బండి నంబర్ ప్లేట్ చూసి, వర్జీనియా నుంచి మా ఊరు చూడ్డానికి వచ్చారా, థాంక్యూ, మనుషులు రావడమే మాకు కావాల్సింది అంది. మేం పాత కోట్లు వదిలించుకోవడానికి వచ్చామని ఎలా చెప్తాను?

కోటయ్య గారి ఫోన్లు నాలుగు.

జూన్ 17, మంగళవారం

ఈ రోజు సంగతి రాయాలని లేదు. రాయకపోతే నిద్ర పట్టదు.

పొద్దున జగదీష్ కొత్త ప్లాన్ వేశాడు. తీసుకునేవాళ్ళు లేకపోతే పోనీ, వరదొచ్చిన చోట బ్యానర్ కట్టి, ముందు బాక్సులు పేర్చి ఒక ఫోటో దిగుదాం, బాక్సుల సంగతి తర్వాత చూస్కుందాం అన్నాడు. నేను వద్దనలేదు. నాకూ విసుగొచ్చింది. ఈ ఫోటో గొడవ వదిలిపోతే కొండలు చూడొచ్చు అనుకున్నాను.

ఏటి పక్కన ఆర్టిస్టుల స్టూడియోలు ఉండే వీధికి వెళ్ళాం. కొన్ని తెరిచారు. కొన్ని గోడలు మాత్రమే మిగిలాయి. గోడల మీద బురద గీత తలుపు గడపకి కాదు, తలుపు పైకి ఉంది. ఒక ఖాళీ జాగా చుట్టూ వైరు కంచె. జగదీష్ టకటకా బ్యానర్ కట్టేశాడు, ముందు ఆరు బాక్సులు పేర్చాడు, నవ్వాడు. నేను ఫోన్ పట్టుకుని క్లిక్ చేశాను. హంసిక బండి మెట్ల మీద కూర్చుని చూస్తోంది.

ఎదురు స్టూడియోలోంచి చేతులకి మట్టితో ఒకావిడ వచ్చింది. కుండలు చేస్తుందట. బ్యానర్ కేసి చూసి, వీళ్ళంతా ఎలక్షన్‌లో నిలబడ్డారా అని అడిగింది. నిజంగానే అడిగింది, వెటకారం కాదు. జగదీష్ కాదని వివరం చెప్పబోతే, సరే, కానీ దయచేసి ఇక్కడ మాత్రం వద్దు, దీని వెనక మా ఫ్రెండ్ ఉంది అంది.

మాకు అర్థం కాలేదు. హంసిక లేచి వచ్చి బ్యానర్ ఒక మూల విప్పి ఎత్తింది. కంచెకి ఎండిన పూలు, రిబ్బన్లు, ప్లాస్టిక్ కవర్‌లో ఒక ఫోటో. జుట్టు ముడేసుకున్న ఆడమనిషి, నా వయసు, చేతిలో ఏదో పాత్ర. కింద పేరు, రెండు సంవత్సరాలు. రెండోది 2024. సరిగ్గా ఆవిడ మొహం మీదే కోటయ్య గారి మొహం కట్టాం.

జగదీష్ సారీ సారీ అంటూ ముడులు విప్పడం మొదలుపెట్టాడు. బిగించి కట్టిన ముడులు ఊడలేదు. కుండలావిడే సాయం చేసింది. పూలు ఎండి ఉన్నాయి కదా, రిబ్బన్లు కింద పడ్డాయి కదా, మీకు కనిపించి ఉండదులే అంది. మేం కంచె చూడనే లేదు. బ్యానర్ పట్టే కొలత ఉందా లేదా అని మాత్రం చూశాం.

బండిలో హంసిక మొదటిసారి తండ్రితో నేరుగా మాట్లాడింది. ఆ ఫోటో పంపితే నాతో ఇంకెప్పుడూ మాట్లాడకు నాన్నా, నేను జోక్ చేయట్లేదు అంది. దాని తెలుగులో విభక్తులు అటూ ఇటూ అవుతుంటాయి. ఆ వాక్యం మాత్రం తప్పు లేకుండా వచ్చింది.

జూన్ 17, సాయంత్రం

ఫోటో నా ఫోన్‌లో ఉంది. చాలా బాగా వచ్చింది. అదే నా బాధ.

జూన్ 18, బుధవారం

పొద్దున ఆరింటికే పక్క క్యాంపర్ దగ్గర సుత్తి మొదలైంది. నిన్నటి కోపమంతా దాని మీదకి మళ్ళింది. లొరెట్టా దగ్గరికి వెళ్ళి, పక్క సైట్ ఆయన ఎప్పుడు చెకౌట్ చేస్తాడు, మేం వెకేషన్‌కి వచ్చాం, కాస్త ప్రశాంతత ఉండాలి కదా అన్నాను. నా ఇంగ్లిష్ కోపంలో మరీ స్పష్టంగా ఉంటుంది.

అతను డేల్, జనవరి నుంచీ అక్కడే ఉంటున్నాడమ్మా అంది లొరెట్టా. అతని ఇల్లు ఇక్కడికి కాస్త దిగువన ఉండేదట. ఇప్పుడు అక్కడ ఇల్లూ లేదు, ఇంటి జాగా కూడా లేదు, ఏరు అటు జరిగింది. ఈ వరసలో టూరిస్టులు మీరొక్కరే, మిగతావాళ్ళంతా ఇంతే అంది. తల కొట్టేసినట్టయింది.

డేల్ కుర్చీలు, బల్లలు చేసే మనిషి. బురదలోంచి ఏరుకున్న పనిముట్లు తుడిచి, నూనె రాసి, క్యాంపర్ ముందు పరుచుకున్నాడు. వాటికోసం చెక్కలతో వసారాలా ఒక చిన్న పంచ కడుతున్నాడు. నాలుగు స్తంభాలు, పైన అడ్డకర్రలు అయ్యాయి. కప్పు లేదు. వేసిన నీలం టార్పాలిన్ గాలికి చిరిగి వేలాడుతోంది.

జగదీష్ ఆశ చావని మనిషి. ఒక మంచి చలికోటు ఏరి పట్టుకెళ్ళాడు. డేల్ పగలబడి నవ్వాడట. లోపలికి పిలిచి చూపించాడట, ఉన్న ఒక్క అల్మరా నిండా చలికోట్లే. జీవితంలో ఇన్ని కోట్లు ఎప్పుడూ లేవు, తగిలించుకోవడానికి ఇల్లే లేదు అన్నాడట. తర్వాత మా బండి వైపు వచ్చి, తెరిచిన తలుపులోంచి చూసి, ఆ చుట్ట ఏంటి, వినైలా, వానకి ఆగుతుందా అని అడిగాడు.

బ్యానర్. జగదీష్ అది సంఘం వాళ్ళది, ఇచ్చేయాలి అన్నాడు. డేల్ అయ్యో ఊరికే అడిగాను అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం హంసిక వాటర్ కేసులు ఒక్కొక్కటీ దించింది. లొరెట్టాని అడిగి, ఒడ్డున నాటిన మొక్కలకి బాటిల్ మూత తీసి పోయడం మొదలుపెట్టింది. మొక్కకి రెండు బాటిళ్ళు. సాయం చేస్తానంటే వద్దంది. ఖాళీ సీసాలు మళ్ళీ కేసుల్లోనే సర్దింది. బాత్రూం ఖాళీ అయింది.

కోటయ్య గారి వీడియో కాల్. రేపే లాస్ట్ డేట్ బ్రదర్ అని నాకు కూడా వినిపించింది. కాల్ అయ్యాక జగదీష్ నా పక్కన కూర్చుని, దేదీప్యా, ఆ ఫోటో ఒకటి ఫార్వర్డ్ చేయవా అన్నాడు. గట్టిగా కాదు. చార్జింగ్ లేదన్నాను. ఫోన్ నా చేతిలో నిండుగా వెలుగుతోంది. ఇద్దరం దాని వైపు చూశాం. అతను మళ్ళీ అడగలేదు.

చీకటి పడే ముందు గాలివాన. కిటికీలోంచి డేల్ కనిపిస్తున్నాడు. చిరిగిన టార్పాలిన్ వదిలేసి, రంపాలూ ఉలులూ ఒళ్ళో పోసుకుని క్యాంపర్‌లోకి మోస్తున్నాడు. ఒక విడత, ఇంకో విడత. జగదీష్ కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. కాసేపటికి గొడుగేసుకుని వెళ్ళి తనూ మోశాడు.

జూన్ 19, గురువారం

మా వైపు ఎలక్షన్ అయిపోయిన మర్నాడు ఒక్క ఫ్లెక్సీ కూడా గోడ మీద మిగలదు. గేదెల కొట్టాల మీదకీ, బడ్డీ కొట్ల మీదకీ, వడ్ల రాశుల మీదకీ చేరిపోతుంది. జగదీష్ ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో వరంగల్‌లో వాళ్ళ బాత్రూంకి కప్పు అదే. ఎమ్మెల్యే గారు రెండు చేతులూ జోడించి నవ్వుతూ ఉండగా కింద ఇతను స్నానం చేసేవాడట. ఈ కథ పెళ్ళైన కొత్తలో విన్నాను. ఈ రోజు పొద్దున మళ్ళీ గుర్తొచ్చింది, ఎందుకంటే నేను లేచేసరికి అతను డేల్ పంచ మీద ఉన్నాడు.

బ్యానర్ విప్పి అడ్డకర్రల మీద పరిచాడు. అంచు మడిచి, లోపల చిన్న రాయి పెట్టి, రాయి చుట్టూ తాడు బిగించి కడుతున్నాడు. అలా కడితే గాలికి చిరగదు. ఈ పని ఇతనికి ఇంకా వచ్చని నాకు తెలియదు. డేల్ కింద నుంచి చూసి, ఈ ముడి నాకు కూడా నేర్పు అన్నాడు. సంఘం వాళ్ళకి ఇవ్వాలన్నావు కదా అని కూడా అడిగాడు. నేనూ సంఘమే అని జగదీష్ అన్నాడు.

నిచ్చెన ఊగుతోంది. హంసిక కాఫీ మగ్గు కింద పెట్టి వెళ్ళి నిచ్చెన పట్టుకుంది. అంతే. బొమ్మ పైకి వేయాలా కిందికి వేయాలా అన్న చోట మాత్రం నోరు విప్పింది. పైకి ఉంటే ఎండకి వెలిసిపోతుంది, రోడ్డు మీంచి అందరికీ కనిపిస్తుంది, కిందికి వేస్తా అన్నాడు జగదీష్. సరే నాన్నా, కిందికే అంది.

దాంతో డేల్ కుర్చీలో కూర్చుని తలెత్తితే కమిటీ మొత్తం కనిపిస్తోంది. ఒక్కొక్కరి పేరూ అడిగాడు. జగదీష్ చెప్పాడు. కోటయ్య అనే పేరు మూడుసార్లు పలికించి నేర్చుకున్నాడు. నిన్ను ఇంత కింద ఎందుకు పెట్టారు అని జగదీష్‌ని అడిగాడు. నాకు నవ్వాగలేదు. ఈ ట్రిప్‌లో నవ్వడం ఇదే మొదలు.

తర్వాత జగదీష్ నా దగ్గరికొచ్చి ఫోన్ ఇవ్వమన్నాడు. నేను ఇవ్వలేదు. నువ్వే చెయ్, ఆ కంచె ఫోటో డిలీట్ చెయ్ అన్నాడు. చేశాను. ట్రాష్‌లోంచి కూడా తీసెయ్ అన్నాడు. తీసేశాను.

డేల్ కుర్చీలో, పైన పన్నెండు మంది, హంసిక ఫోటో తీసింది. జగదీష్ దాన్ని సంఘం గ్రూప్‌లో పెట్టి కింద తనే రాశాడు: మన సామాను ఎనిమిది నెలలు మా గరాజ్‌లోనే ఉంది. ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. మనం ఇచ్చినవాటిలో మనిషి అడిగి తీసుకున్నది బ్యానర్ ఒక్కటే.

గ్రూప్‌లో ఎప్పుడూ గుడ్ మార్నింగ్ గులాబీలు ఆగవు. ఆ తర్వాత గంటసేపు ఒక్కటి రాలేదు. ఎవరో బొటనవేలు బొమ్మ పెట్టి మళ్ళీ తీసేశారు. చివరికి కోటయ్య గారు రాశారు. బ్యానర్ ఎప్పుడు రిటర్న్ చేస్తారు?

జూన్ 20, శుక్రవారం

లిస్టు వచ్చింది. జాయింట్ సెక్రటరీ, హంసికతో పాటు మెడల్ వేయించుకున్న అద్వైత్ వాళ్ళ నాన్న. జగదీష్ చదివి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. బాధ పడ్డాడు. నాకు తెలుస్తుంది, చెవులు ఎర్రబడతాయి.

స్మోకీ మౌంటెన్స్ లేవు. చలికోట్లు నిండిన బండితో కొండ రోడ్లు ఎక్కలేమన్నాడు. మాటిచ్చావు కదా అన్నాను. అవును ఇచ్చాను అన్నాడు. అంతకుమించి ఏమీ దొరకలేదు దెబ్బలాడటానికి.

వచ్చేటప్పుడు ముందు సీట్లో హంసిక కూర్చుంది. లేన్ మారడానికి చోటు ఉందో లేదో తనే చూసి చెప్పింది. ఐ-81 మీద ఒక కాగితం తీసి, ఇంటికెళ్ళాక సైన్ చేయి నాన్నా అంది. సర్వీస్ అవర్స్. పాత సర్టిఫికేట్‌లో నలభై ఉండేవి. ఇందులో మూడు. మొక్కలకి నీళ్ళు పోసినవి. నిచ్చెన పట్టుకున్నది కూడా కలుపుకో అన్నాడు. అది ఫ్యామిలీ, అది కౌంట్ అవ్వదు అంది.

జూన్ 21, శనివారం

చలికోట్లు మళ్ళీ గరాజ్‌లోకి వచ్చాయి. కుక్కర్ దొరికింది, చలికోట్ల మధ్య ఒక తలగడ కవర్‌లో. నా కారు బయట ఉంది. చలికాలం లోపు ఏదో ఒకటి చేస్తానన్నాడు. ఏ చలికాలమో చెప్పలేదు.

జూలై 9, బుధవారం

యాష్‌విల్‌లో రాత్రంతా గాలివానట. డేల్ హంసికకి మెసేజ్ పెట్టాడు, నాన్నకి చెప్పమని. మిస్టర్ కోటయ్య చెవి దగ్గర ఒక చుక్క కారుతోందట. మిగతా పదకొండు మందీ గట్టిగా పట్టుకునే ఉన్నారట.